సీసం రెండు గ్రూపుల్లో ఎందుకుంది?

ఇంటర్ పిల్లల కెమిస్ట్రీ రికార్డు తెరిస్తే సాల్ట్ అనాలిసిస్ పేజీల్లో కాటయాన్‌ల పట్టిక ఒకటి కనిపిస్తుంది. మొదటి గ్రూపులో సీసం. రెండో గ్రూపులో రాగి, దాని పక్కనే మళ్లీ సీసం. మూడో గ్రూపులో అల్యూమినియం, ఇనుము. నాలుగులో జింక్, మాంగనీస్, నికెల్, కోబాల్ట్. ఐదులో బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం. చివరన ఒంటరిగా మెగ్నీషియం. ఏటా లక్షల మంది ఈ పట్టికను కంఠతా పడతారు. సీసం పేరు రెండుసార్లు ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

జవాబు చిన్నదే. మొదటి గ్రూపులో మనం పోసేది విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులోని క్లోరైడ్‌తో కలిసి సీసం తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. అయితే లెడ్ క్లోరైడ్ మరీ అంత మొండి పదార్థమేమీ కాదు. లీటరు చన్నీళ్లలో సుమారు 10 గ్రాములు కరుగుతుంది, మరిగే నీళ్లలో 30 గ్రాములకు పైనే. పోల్చి చూడాలంటే, సిల్వర్ క్లోరైడ్ లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములే కరుగుతుంది. కాబట్టి సీసంలో కొంత ద్రావణంలోనే ఉండిపోయి వడపోత కాగితం దాటిపోతుంది. రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపగానే అది నల్లటి సల్ఫైడ్‌గా పట్టుబడుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే రికార్డులో విడివిడిగా ఉన్న మూడు వాక్యాలు ఒకటైపోతాయి. సీసం రెండు చోట్ల ఎందుకుంది, దాని తెల్లటి అవక్షేపాన్ని వేడినీళ్లలో ఎందుకు కరిగిస్తాం, చల్లారాక సూదుల్లాంటి స్ఫటికాలు ఎందుకు తిరిగొస్తాయి అన్న మూడింటికీ కారణం ఒకటే. ఇనార్గానిక్ కెమిస్ట్రీ అంటే బట్టీ అని పేరుపడిపోయింది. ఆ పేరు సగమే నిజమని, మిగతా సగం మనం చదివే తీరు వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

ఒకదాని కింద ఒకటి జల్లెడలు

ఇల్లు కట్టే చోట ఇసుకను, కంకరను జల్లెడ పట్టడం చూసే ఉంటారు. ముందు పెద్ద కన్నాల జల్లెడ, తర్వాత సన్నవి. సాల్ట్ అనాలిసిస్‌లో గ్రూపులన్నీ ఇలా వరసగా పెట్టిన జల్లెడలే. (ఇక్కడ గ్రూపు అంటే ఆవర్తన పట్టికలోని గ్రూపు కాదు. ఈ రెంటినీ కలిపేసుకుని తికమకపడేవాళ్లు ఎక్కువ.)

రెండో గ్రూపులోనూ నాలుగో గ్రూపులోనూ పంపే వాయువు ఒకటే, హైడ్రోజన్ సల్ఫైడ్. మరి రాగి రెండులో దిగి, జింక్ నాలుగు దాకా ఎందుకు ఆగుతుంది? రెండో గ్రూపు ద్రావణం ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్‌లు కిక్కిరిసి ఉండటంతో హైడ్రోజన్ సల్ఫైడ్ విడిపోలేదు. ఫలితంగా సల్ఫైడ్ అయాన్‌లు ద్రావణంలో అతి కొద్దిగా ఉంటాయి. రాగి, సీసం సల్ఫైడ్‌లు ఎంత కరగనివంటే ఆ కొద్దిపాటి సల్ఫైడ్ కూడా వాటిని దించడానికి సరిపోతుంది. జింక్, నికెల్ సల్ఫైడ్‌లకు సరిపోదు. నాలుగో గ్రూపులో అమోనియా పోసి ద్రావణాన్ని క్షారంగా మార్చాక హైడ్రోజన్ అయాన్‌లు తగ్గిపోతాయి, సల్ఫైడ్ పెరుగుతుంది, జింక్ దిగుతుంది. వాయువు మారలేదు, జల్లెడ కన్నం మారింది.

మూడో గ్రూపులో అమ్మోనియం హైడ్రాక్సైడ్ కన్నా ముందు అమ్మోనియం క్లోరైడ్ ఎందుకు వేస్తారన్నదానికీ ఇదే సూత్రం. ముందుగా వేసిన అమ్మోనియం అయాన్‌లు హైడ్రాక్సైడ్ అయాన్‌ల సంఖ్యను అదుపులో ఉంచుతాయి. చాలా తేలిగ్గా దిగిపోయే ఇనుము, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లు మాత్రమే ఇక్కడ ఆగుతాయి, మెగ్నీషియం ద్రావణంలోనే ఉండి దాటిపోతుంది. వరస తప్పి అమ్మోనియం క్లోరైడ్ మరిచిపోతే మెగ్నీషియం కూడా మూడో గ్రూపులోనే దిగి, పిల్లవాడు దాన్ని అల్యూమినియం అని రాసేస్తాడు.

ఇక పిల్లలు ఎక్కువగా మరిచిపోయే మెట్టు ఒకటుంది. మూడో గ్రూపు మొదలుపెట్టే ముందు ద్రావణాన్ని మరగబెట్టాలి, కొన్ని చుక్కల గాఢ నైట్రిక్ ఆమ్లం వేయాలి. ఎందుకు? రెండో గ్రూపులో పంపిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చేసి ఉంటుంది. ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఈ జల్లెడలో సరిగ్గా ఆగదు. కాబట్టి మిగిలిన వాయువును మరిగించి వెళ్లగొట్టి, నైట్రిక్ ఆమ్లంతో ఇనుమును మళ్లీ ఫెర్రిక్‌గా మార్చాలి. కారణం తెలిసినవాడు ఈ మెట్టును మరిచిపోవడం కష్టం.

ఈ తరహా విశ్లేషణను పద్ధతి ప్రకారం పుస్తకంగా కూర్చిన జర్మన్ రసాయనవేత్త కార్ల్ రెమీజియస్ ఫ్రెజీనియస్ అప్పటికి ఇంకా విద్యార్థే. ఆ పుస్తకం 1841లో అచ్చయింది.

పాఠ్యపుస్తకం కోసం వెతుకులాటలో పుట్టిన పట్టిక

విద్యార్థులు భయపడే ఆవర్తన పట్టిక పుట్టుక కూడా చదువుల గొడవే. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యుడైన దిమిత్రి మెండలీవ్‌కు తగిన పాఠ్యపుస్తకం దొరకలేదు. తానే రాయడానికి కూర్చున్నాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. మొదటి సంపుటం ముగిసేసరికి ఆయన వివరంగా చెప్పగలిగినవి ఎనిమిదే. మిగిలిన 55 రెండో సంపుటంలో పట్టాలి. ఒక్కొక్కదాన్నే వర్ణిస్తూ పోతే పుస్తకం తేలదు. వాటిని వరసలో పెట్టే సూత్రం కావలసి వచ్చింది. 1869 ఆరంభంలో ఆయన వేసిన పట్టిక ఆ అవసరం నుంచి వచ్చిందే.

మెండలీవ్ ఆ పట్టికను జవాబుల జాబితాగా కాక ప్రశ్నల జాబితాగా వాడుకున్నాడు. అల్యూమినియం కింద ఖాళీ గడి వదిలి, అక్కడ రావలసిన మూలకం సాంద్రత 6కు దగ్గరగా ఉంటుందని లెక్కగట్టాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ గేలియాన్ని కనుగొని సాంద్రత 4.7 అన్నాడు. నమూనా శుద్ధంగా లేదు, మళ్లీ కొలవమన్నాడు మెండలీవ్. మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. లోహాన్ని కంటితో చూడనివాడి మాట, చేతిలో పట్టుకున్నవాడి కొలతను సరిదిద్దింది.

ఇందులో విద్యార్థికి పనికొచ్చే పద్ధతి ఉంది. ఒక గ్రూపులో మూడు మూలకాల సంగతి చదివాక పుస్తకం మూసి, నాలుగోదాని గుణాలు ముందే ఊహించి రాయడం. తర్వాత తెరిచి చూడటం. ఊహ నిజమైతే సూత్రం గట్టిపడుతుంది. తప్పితే ఎక్కడ తప్పిందో అక్కడే కొత్త పాఠం మొదలవుతుంది.

బుర్ర ఎక్కడ మొరాయిస్తుంది

1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ పరిశోధకులు చదరంగం ఆటగాళ్లకు ఓ పరీక్ష పెట్టారు. నిజమైన ఆట మధ్యలోని బోర్డును 5 సెకన్లు చూపించి, పావుల్ని తిరిగి పేర్చమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు 16 దాకా సరిగ్గా పెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాడు 4 పెట్టగలిగాడు. తర్వాత అవే పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపించారు. మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైపోయింది. ఆయన జ్ఞాపకశక్తి మనందరిదీ లాంటిదే. ఆటలో అర్థం ఉన్న అమరిక కనిపిస్తే నాలుగైదు పావుల్ని కలిపి ఒకే ముక్కగా చూడగలడు, అంతే తేడా.

ఇనార్గానిక్ అధ్యాయం ఎక్కువమంది పిల్లలకు చల్లిన బోర్డులాగే కనిపిస్తుంది. బోరాన్ అలా, అల్యూమినియం ఇలా, థాలియం మరోలా. ఏ వాక్యానికీ పక్క వాక్యంతో చుట్టరికం ఉండదు. కొన్ని కాలేజీల్లో ఇచ్చే షార్ట్ నోట్సు ఈ జబ్బును ఇంకా ముదరబెడుతుంది. కారణాలన్నీ కోసేసి, బిట్లు మాత్రమే మిగులుస్తారు. పేజీలు తగ్గుతాయి కాబట్టి చదువు తేలికైందనిపిస్తుంది. ముక్కలుగా కట్టుకోవడానికి దారం లేకపోయాక తగ్గిన పేజీలే ఎక్కువ బరువవుతాయి.

ఒకే పోటీ, రెండు వ్యతిరేక ఫలితాలు

రెండో గ్రూపు మూలకాల్ని తీసుకుందాం. ఇది ఆవర్తన పట్టికలోని రెండో గ్రూపు: మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం. పుస్తకంలో రెండు వాక్యాలుంటాయి. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ హైడ్రాక్సైడ్‌లు ఎక్కువగా కరుగుతాయి. సల్ఫేట్‌లు తక్కువగా కరుగుతాయి. పరీక్ష ముందు రోజు రాత్రి ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో తారుమారు కాని పిల్లలు తక్కువ.

కరగడం అంటే ఏమిటో చూద్దాం. ఘనపదార్థంలో ధన, ఋణ అయాన్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఈ పట్టు బలాన్ని జాలక శక్తి అంటాం. నీటి అణువులు ఒక్కో అయాన్ చుట్టూ చేరి దాన్ని బయటికి లాగుతాయి. ఆ లాగుడు బలం ఆర్ద్రీకరణ శక్తి. నీరు నెగ్గితే పదార్థం కరుగుతుంది, పట్టు నెగ్గితే అడుగున ఉండిపోతుంది. (ఎంట్రోపీ అనే మూడో పాత్ర కూడా ఉంది. ఇంటర్ స్థాయికి ఈ ఇద్దరూ చాలు.)

కిందికి వచ్చేకొద్దీ లోహ అయాన్ పెద్దదవుతుంది. పెద్ద అయాన్‌ను నీరు గట్టిగా లాగలేదు. మెగ్నీషియం నుంచి బేరియం వచ్చేసరికి ఆర్ద్రీకరణ శక్తి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇది సల్ఫేట్‌కూ హైడ్రాక్సైడ్‌కూ సమానమే. తేడా అంతా జాలకంలో ఉంది. హైడ్రాక్సైడ్ చిన్న అయాన్ కాబట్టి, లోహ అయాన్ కాస్త పెరిగినా రెంటి మధ్య దూరం చెప్పుకోదగ్గంత పెరిగి పట్టు బాగా సడలుతుంది. నీటి లాగుడు తగ్గిన దానికన్నా పట్టు సడలడమే ఎక్కువ, కాబట్టి కరుగుతుంది. సల్ఫేట్ తానే భారీ అయాన్. దాని పక్కన లోహ అయాన్ కొంచెం పెరిగినా మొత్తం దూరంలో తేడా అంతగా తెలియదు. పట్టు దాదాపు అలాగే ఉంటుంది, నీటి లాగుడు మాత్రం తగ్గిపోయింది. కాబట్టి కరగదు.

అంకెల్లో ఈ తేడా భారీగా ఉంటుంది. మెగ్నీషియం సల్ఫేట్ లీటరు నీళ్లలో 300 గ్రాములకు పైగా కరిగితే, బేరియం సల్ఫేట్ 2 నుంచి 3 మిల్లీగ్రాములే. హైడ్రాక్సైడ్‌లలో కథ తిరగబడి, మెగ్నీషియంది సుమారు 10 మిల్లీగ్రాములు, బేరియంది 30 గ్రాములకు పైన.

ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఈ బేరియం సల్ఫేటే. నీళ్లలో కరగదు, బరువెక్కువ. ఈ రెండు గుణాల వల్లే చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ బురదలో దాన్ని కలుపుతారు. బేరియం అయాన్ విషం. అయినా ఎక్స్‌రే తీసే ముందు బేరియం సల్ఫేట్‌ను రోగి చేత తాగిస్తారు. కరగదు కాబట్టి ఒంటికి పట్టదు. అయాన్‌ల పరిమాణం తెలిస్తే ఈ గనీ, ఆ ఆసుపత్రీ ఒకే పాఠంలో భాగమవుతాయి.

మినహాయింపుల్ని వెనక్కి నెట్టొద్దు

పుస్తకంలో "అయితే" అనే మాట ఎక్కడ కనిపిస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పరీక్షలో ప్రశ్నలు అక్కణ్నుంచే వస్తాయన్నది అందరికీ తెలిసిన సంగతే. అంతకన్నా ముఖ్యం, పాత సూత్రం పనిచేయడం ఆగి కొత్త కారణం మొదలయ్యే చోటు అదే.

గ్రూపులో కిందికి వెళ్తే పరమాణువు పెద్దదవాలి. అయితే అల్యూమినియం వ్యాసార్థం 143 పికోమీటర్లు, దాని కింద ఉన్న గేలియానిది 135. ఈ రెంటి మధ్య పట్టికలో పది లోహాల వరస వచ్చి పడింది. ఆ వరసలో పది ప్రోటాన్లు కేంద్రకంలో చేరాయి, పది ఎలక్ట్రాన్లు డి-ఆర్బిటాళ్లలో చేరాయి. డి-ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను సరిగ్గా అడ్డుకోలేవు. కాబట్టి బయటి ఎలక్ట్రాన్లు లోపలికి గుంజబడ్డాయి. ఇదే వాదాన్ని ఇంకొంత కిందికి తీసుకెళ్తే, ఎఫ్-ఎలక్ట్రాన్ల వరస దాటాక జిర్కోనియం, హాఫ్నియం దాదాపు ఒకే పరిమాణంలో ఎందుకున్నాయో తెలుస్తుంది: 160, 159 పికోమీటర్లు.

సీసం, టిన్ను ఒకే గ్రూపు. టిన్‌కు ఆక్సీకరణ స్థితి +4 హాయిగా ఉంటుంది, సీసం +2నే కోరుకుంటుంది. పుస్తకంలో దీన్ని జడ ఎలక్ట్రాన్ జంట ప్రభావం అంటారు. సీసంలో చివరి ఎస్-ఎలక్ట్రాన్లు రెండూ కేంద్రకానికి దగ్గరగా బిగుసుకుపోయి బంధాల్లోకి రావడానికి ఇష్టపడవు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నడిచేది ఈ మొండితనం మీదే. అందులో లెడ్ డయాక్సైడ్ పలక మీద సీసం +4లో ఉంటుంది. +2కు దిగిపోవాలన్న ఆత్రంతో ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఆ లాగుడే మనం వాడుకునే కరెంటు. 2011లో వెలువడిన ఒక సైద్ధాంతిక లెక్క ప్రకారం, ఒక్కో సెల్ ఇచ్చే 2.1 వోల్టుల్లో సుమారు 1.7 వోల్టులు ఐన్‌స్టీన్ సాపేక్షతా ప్రభావం చలవే. బరువైన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగంతో తిరగడం వల్ల ఆ ఎస్-ఎలక్ట్రాన్లు అంతలా బిగుసుకుంటాయి.

మెండలీవ్ కూడా మినహాయింపును దాచలేదు. పరమాణు భారం ప్రకారం అయోడిన్ ముందు, టెల్లూరియం తర్వాత రావాలి. గుణాల్ని బట్టి ఆయన వాటిని తారుమారు చేసి పెట్టాడు. భారం కొలతలోనే తప్పుందనుకున్నాడు. కొలత సరైనదే. వరసను నిర్ణయించేది భారం కాదు, పరమాణు సంఖ్య అని 1913లో హెన్రీ మోస్లీ ప్రయోగాలు తేల్చాయి.

చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది

కారణాలు తెలిశాయి సరే. గుర్తుండాలి కదా! ఇక్కడ చాలామంది చేసేది, రంగురంగుల గీతలు గీసిన పేజీల్ని మళ్లీ మళ్లీ చదవడం. 2008లో జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ చేసిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు 40 స్వాహిలీ మాటలకు ఇంగ్లిష్ అర్థాలు నేర్చుకున్నారు. ఒకసారి వచ్చిన మాటను కొందరు మళ్లీ చదువుతూ పోయారు. కొందరు మళ్లీ పరీక్ష పెట్టుకుంటూ పోయారు. వారం తర్వాత పరీక్ష పెట్టుకున్నవాళ్లకు సుమారు 80 శాతం గుర్తుంది. చదువుతూ పోయి పరీక్ష మానేసినవాళ్లకు 36 శాతమే. వింత ఏమిటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు అందరూ దాదాపు ఒకేలా, సగం అని చెప్పారు. ఏ పద్ధతి పనిచేస్తోందో లోపలినుంచి మనకు తెలియదన్నమాట. మళ్లీ చదివిన పేజీ కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటును వచ్చేసిందనుకుంటాం.

[బాక్స్] ఖాళీ కాగితం పద్ధతి

ఒక గ్రూపు చదివాక పుస్తకం మూయండి. తెల్ల కాగితం మీద ఆ గ్రూపు మూలకాల్ని నిలువుగా రాయండి. పక్కన పరిమాణం, అయనీకరణ శక్తి, ఆక్సీకరణ స్థితులు, హైడ్రైడ్, ఆక్సైడ్ అని గడులు గీయండి. పెరిగేచోట పైకి, తగ్గేచోట కిందికి బాణం వేయండి. బాణం విరిగే చోట ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకో ఒక వాక్యం సొంతంగా రాయండి. గడి నిండకపోతే కాసేపు తన్నుకులాడండి, వెంటనే పుస్తకం తెరవొద్దు. ఆ తన్నుకులాటలోనే పని జరుగుతుంది. తర్వాత ఎర్ర పెన్నుతో సరిచేసుకోండి. మర్నాడు, నాలుగు రోజులకు, రెండు వారాలకు మళ్లీ కొత్త కాగితం. ఎర్ర గీతలు తగ్గుతున్నాయో లేదో అదే చెబుతుంది.

పుస్తకం నిలువుగా, గ్రూపు వెంట గ్రూపుగా నడుస్తుంది. ప్రశ్నలు మాత్రం అడ్డంగా వస్తాయి. కాబట్టి వారానికోసారి అడ్డంగా కూడా చదవాలి. ఉదాహరణకు హైడ్రైడ్‌లన్నిటినీ ఒకచోట పెట్టండి. అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగితే, దాని కింది ఫాస్ఫీన్ మైనస్ 88 దగ్గర. నీరు 100, హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60. ఈ రెండు వరసల్లోనూ మొదటి హైడ్రైడ్ రెండోదాన్ని మించిపోవడానికి హైడ్రోజన్ బంధమే కారణమని కళ్లకు కడుతుంది. అక్కడే ఆగితే స్టిబీన్ దగ్గర పడతారు. అది మైనస్ 17 దగ్గర మరుగుతుంది, అంటే అమోనియా కన్నా పైన. అణువు బరువు పెరిగేకొద్దీ పెరిగే సాధారణ ఆకర్షణ ఒక దశలో హైడ్రోజన్ బంధాన్ని దాటేస్తుంది.

బట్టీ తప్పనివి

అన్నిటికీ కారణం వెతుక్కుంటూ కూర్చుంటే సిలబస్ పూర్తికాదు. బాక్సైట్ అల్యూమినియం ఖనిజమని, స్ట్రాన్షియం మంటకు ఎర్రరంగు, బేరియం మంటకు ఆపిల్ పచ్చరంగు అని నోటికి రావాల్సిందే. వీటికి చిన్న కార్డులు చాలు, ముందు ప్రశ్న, వెనక జవాబు. మూలకాల వరసకు కోచింగ్ వీడియోల్లోని హిందీ కొండగుర్తులూ పనికొస్తాయి. తెలుగులో సొంతంగా కట్టుకున్నవి ఇంకా బాగా నిలుస్తాయి. కొండగుర్తు వరసను మాత్రమే ఇస్తుందని, ఎందుకన్న దానికి జవాబివ్వదని మరిచిపోకుంటే చాలు.

బట్టీ పట్టేవాటిలో కూడా కొన్నింటికి ఊళ్లోనే ఆధారం దొరుకుతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి తోటల్లో కొట్టే బోర్డో మిశ్రమం తయారుచేసే రైతు, అందులో మెరిసే చాకు ముంచి చూస్తాడు. ఎర్రటి పూత పడితే ఇంకా సున్నం కావాలి. ఇనుము రాగిని ద్రావణంలోంచి గెంటేసి తాను కరగడమే ఆ పూత. అందుకే ఆ మిశ్రమాన్ని ఇనప పాత్రలో కలపరు. లోహాల చర్యాశీలత వరసలో ఇనుము పైన, రాగి కింద అన్న మాటను ఆ చాకు గుర్తుండేలా చేస్తుంది. ల్యాబ్ కూడా ఇందుకే. ప్రాక్టికల్ పరీక్షలకు ముందు కొద్ది వారాలే తలుపు తెరిచే కాలేజీల పిల్లలు పోగొట్టుకునేది మార్కులొక్కటే కాదు, ఇలాంటి పట్టుకొమ్మలు కూడా.

ఒక అభ్యాసం ఇస్తాను. బేరియం కింద రేడియం ఉంది. 1898లో మేరీ, పియర్ క్యూరీ దంపతులు పిచ్‌బ్లెండ్ ఖనిజాన్ని విడగొడుతుంటే రేడియం ప్రతి మెట్టులోనూ బేరియంతో కలిసే దిగింది, సల్ఫేట్‌గా కూడా. ఒకే గ్రూపు కదా! వాటిని విడదీయడానికి క్లోరైడ్‌ల ద్రావణీయతలో ఉన్న చిన్న తేడాను పట్టుకుని, మళ్లీ మళ్లీ స్ఫటికీకరణ చేసి, 1902కు 0.1 గ్రాము రేడియం క్లోరైడ్ సాధించారు. పైన చెప్పిన పోటీని గుర్తు తెచ్చుకుంటే రేడియం సల్ఫేట్ బేరియం సల్ఫేట్ కన్నా తక్కువ కరగాలి. నిజంగానే తక్కువ కరుగుతుంది. రేడియం హైడ్రాక్సైడ్ సంగతి, పుస్తకం తెరవకుండా, కారణంతో సహా మీరు రాయండి.